ఆకుకూరలు, పసుపు, పండ్లు – జీవకణములోని డి.ఎన్.ఏ.కు రక్షణ
(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు రైతులకు సూచనలు)



జొన్న విత్తిన చోట జొన్నయే మొలచును. కంది విత్తిన చోట కందియే మొలచును. ఇందుకు కారణమగు పదార్థమొకటి ప్రతి విత్తనములోను సూక్ష్మరూపమున దాగియున్నది. దానిని శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. అందురు. మన శరీరములోని జీవకణములందును ఈ పదార్థమే ఉన్నది. దీనికి దెబ్బ తగిలినచో ఏమగును? మనము పండించి తినెడి ఆకులు, కాయలు, దుంపలు దీనిని ఎంతవరకు కాపాడగలవు? ఏ చోట కాపాడలేవు? ఈ సంగతులు తెలిసికొనుట ప్రతి రైతు కుటుంబమునకు అవసరము. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, పాశమైలారం వంటి ఫ్యాక్టరీల ప్రాంతములో సేద్యము చేయువారికి మరింత అవసరము.

డి.ఎన్.ఏ. అనగానేమి?

గ్రామములోని పహాణీ పుస్తకమును ఒకసారి తలచుకొనండి. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి సాగు, ఏ పంట అను వివరములన్నియు అందులో వ్రాసి ఉండును. అట్లే శరీరములో ఏ కణము ఏ పని చేయవలెనో, ఎప్పుడు పెరగవలెనో, ఎప్పుడు పెరుగుట మానవలెనో తెలుపు వివరములన్నియు డి.ఎన్.ఏ.లో వ్రాసి ఉన్నవి. ఇది పురిపెట్టిన రెండు పేటల త్రాడు వలె ఉండునని 1953లో వాట్సన్, క్రిక్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. రోజాలిండ్ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞురాలు తీయించిన ఎక్స్-రే చిత్రములు వారికి ముఖ్యాధారమైనవి. కంటికి కానరాని ఒక్క కణములోని డి.ఎన్.ఏ.ను విప్పి చాచినచో సుమారు 2 మీటర్ల పొడవుండును.

అందలి వ్రాత ఏ భాషలో ఉన్నదో చదివి చెప్పిన వారిలో మన దేశమున పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. ఆయనకు 1968లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి లభించినది. ఆయన తండ్రి పంజాబులోని ఒక చిన్న గ్రామమునకు పట్వారీ. తండ్రి భూమి లెక్కలు వ్రాసెను. కుమారుడు జీవుల లెక్కలు చదివెను.

డి.ఎన్.ఏ.కు దెబ్బ ఎట్లు తగులును?

పహాణీపై నీరు పడి ఒక అంకె చెదరినదనుకొనండి. ఎవరును గమనించక మునుపే దానికి కొత్త ప్రతి వ్రాసినచో, తప్పు అంకెయే కొత్త పుస్తకములోనికి ఎక్కును. అటుపైన ఎన్ని ప్రతులు తీసినను ఆ తప్పు పోదు. కణము రెండుగా చీలునపుడు కూడ ఇట్లే జరుగును. దెబ్బ తగిలిన డి.ఎన్.ఏ.కు ప్రతి తీయబడినచో ఆ తప్పు శాశ్వతమగును. ఇట్టి తప్పులు కొన్ని ఒకే కణములో ఏండ్ల తరబడి పోగుపడినపుడు, ఆ కణము అదుపు తప్పి పెరుగుట మొదలిడవచ్చును. క్యాన్సరు ఈ విధముగా పుట్టుచున్నది.

అయినను భయపడవలసిన పని లేదు. శ్వాస, జీర్ణము వంటి సాధారణమైన పనుల వలననే ప్రతి కణములోను రోజుకు వేలకొలది చిన్న దెబ్బలు తగులుచుండును. వానిలో దాదాపు అన్నింటిని శరీరమే సరిచేసికొనును. త్రాడునకు రెండు పేటలున్నవి గదా! ఒక పేట చెడినచో రెండవ పేటను చూచి సరిదిద్దుటకు వీలున్నది. ఈ మరమ్మతు ఎట్లు జరుగునో కనుగొన్న లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమతి ఇచ్చిరి.

చిక్కు ఎక్కడనగా, మరమ్మతు కంటె దెబ్బలు ఎక్కువైనపుడు. పొగాకు పొగ, గుట్కా, బూజు పట్టిన గింజలలోని విషము, బెంజీను వంటి ద్రావకముల ఆవిరి, కొన్ని పురుగుమందులు, నీటిలోని ఆర్సెనిక్ వంటివి ఈ దెబ్బలను పెంచును. కాబట్టి మనము చేయవలసిన పనులు రెండు: దెబ్బలను తగ్గించుట మొదటిది, మరమ్మతుకు బలము చేకూర్చుట రెండవది. ఈ వరుసను మరువరాదు.

మన ప్రాంతపు సంగతి

1970 తరువాత పటాన్‌చెరు చుట్టుపట్ల మందుల, రసాయనముల ఫ్యాక్టరీలు అనేకము వెలసినవి. వాని మురుగు వాగులలో కలిసి, నక్కవాగు గుండా మంజీర వైపు పారినది. బావులు, పొలములు పాడైనవని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలయినది. తరువాత పటాన్‌చెరులో ఉమ్మడి మురుగునీటి శుద్ధి కేంద్రము వచ్చినది. ఆ కేంద్రము నుండి వెలువడిన నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు వారు కనుగొనిరి. శుద్ధియైనదన్న నీరు కూడ పూర్తిగా శుభ్రము కాకపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

డి.ఎన్.ఏ.కు తగిలిన దెబ్బను కొలుచుటకు ఒక పరీక్ష ఉన్నది. కణములను పలుచని జిగురుపై ఉంచి విద్యుత్తును ప్రసరింపజేసినచో, తెగిన డి.ఎన్.ఏ. ముక్కలు తోకచుక్క తోక వలె వెనుకకు సాగును. తోక ఎంత పొడవైనచో దెబ్బ అంత ఎక్కువ. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు పురుగుమందుల తయారీలో పనిచేయు 54 మంది కార్మికుల రక్తకణములను ఇట్లు పరీక్షించి, అంతే సంఖ్యగల ఇతరుల రక్తకణములతో పోల్చిరి. కార్మికుల కణములలో తోక పొడవు హెచ్చుగా ఉన్నట్లు 2003లో ప్రకటించిరి. పొలములో మందు కొట్టు రైతు కూడ ఈ ఫలితమును మనసున ఉంచుకొనవలెను.

పసుపుపై హైదరాబాదులో జరిగిన పరీక్ష

ఇక ఆహారపు సంగతి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి మొదలగువారు పసుపుపై ఒక పరీక్ష జరిపి 1992లో ఫలితములు ప్రచురించిరి.

పొగ త్రాగువారి మూత్రములో డి.ఎన్.ఏ.ను మార్చగల పదార్థములు కొన్ని వెలువడుచుండును. వానిని పట్టుటకు ఒక జాతి బాక్టీరియాను వాడుదురు. ఇది ఒక పోషక పదార్థమును తానుగా తయారుచేసికొనలేని బలహీనపు జాతి. ఆ పోషకము లేని చోట అది పెరగదు. దాని డి.ఎన్.ఏ.లో మార్పు వచ్చినపుడు మాత్రము మరల పెరుగగలదు. ఎన్ని చోట్ల పెరిగినదో లెక్కించినచో, పరీక్షించిన పదార్థమునకు డి.ఎన్.ఏ.ను మార్చు గుణము ఎంత ఉన్నదో తెలియును.

ఏండ్ల తరబడి పొగ త్రాగుచున్న 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చిరి. వారి మూత్రములో డి.ఎన్.ఏ.ను మార్చు పదార్థములు చెప్పుకోదగినంతగా తగ్గినవి. పొగ త్రాగని 6 మందిలో ఏ మార్పును కనబడలేదు. 1.5 గ్రాములనగా చిన్న చెంచాలో సగము మాత్రమే. మన వంటలో వాడు పసుపు కంటె ఇది ఎంతో ఎక్కువ కాదు.

ఈ ఫలితమును ఉన్నదున్నట్లు గ్రహించవలెను. పరీక్షలో పాల్గొన్నవారు కొద్దిమంది. జరిగిన కాలము ఒక నెల. కొలిచినది మూత్రములోని పదార్థములనే గాని క్యాన్సరు తగ్గినదా లేదా అని చూడలేదు. “పసుపు తినుచున్నాను గనుక బీడీ త్రాగినను ఫరవాలేదు” అనుకొనుట గండిపడిన చెరువుకు పిడికెడు మట్టి వేసినట్లే.

మొక్కలోని పదార్థములు ఎట్లు పనిచేయును?

మొక్క కదలి పారిపోలేదు. పురుగు నుండి, తెగులు నుండి, ఎండ నుండి తన్ను కాపాడుకొనుటకు అది కొన్ని పదార్థములను తయారుచేసికొనును. కాకరలోని చేదు, ముల్లంగిలోని ఘాటు, కొన్ని ఎర్రజొన్న రకములలోని వగరు ఇట్టివే. వగరు జొన్నను పిట్టలు అంతగా ముట్టవని మీకు తెలియును. ఇట్టి పదార్థములు, వానితోపాటు ఆకులలోని విటమినులు మన శరీరములో నాలుగు విధములుగా తోడ్పడగలవు.

1. ప్రేగులలోనే విషమును పట్టుట: ఆకులకు పచ్చదనమునిచ్చు పత్రహరితము కొన్ని విషములకు అంటుకొని, అవి రక్తములోనికి పోకుండ ఆపగలదు. చైనాలోని చీడాంగ్ ప్రాంతములో బూజు విషము వలన కాలేయపు క్యాన్సరు ఎక్కువ. అక్కడ 180 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు పత్రహరితము నుండి తయారుచేసిన మాత్రలను 4 నెలలు ఇచ్చిరి. బూజు విషము డి.ఎన్.ఏ.ను తాకిన గుర్తులు వారి మూత్రములో రెండవ జట్టు కంటె 55 శాతము తక్కువగా ఉన్నట్లు 2001లో తెలిపిరి. ఇవి మాత్రలే గాని కూర కాదు. అయినను పచ్చని ఆకులోని గుణము ఏ వైపు పనిచేయునో దీనివలన తెలిసినది.

2. కాలేయమునకు చేయూత: క్యాబేజీ, కాలిఫ్లవరు, ముల్లంగి, ఆవ, బ్రోకలీ ఒకే కుటుంబపు మొక్కలు. వీనిలోని గంధకపు పదార్థములు, విషములను విరిచి బయటికి పంపు కాలేయపు పనిని చురుకుపరచును. చీడాంగ్‌లోనే 291 మందితో జరిపిన మరియొక పరీక్షలో బ్రోకలీ మొలకల పానీయమును 12 వారములు ఇచ్చిరి. గాలి ద్వారా లోనికి పోయిన బెంజీను మూత్రము ద్వారా బయటికి పోవుట 61 శాతము పెరిగినట్లు 2014లో తెలిపిరి. ఆ పానీయము చిక్కనిది. ఇంటి క్యాబేజీ కూర దానితో సమానము కాదు. కాని పొగగొట్టముల నడుమ బ్రతుకువారు ఈ కుటుంబపు కూరలను తరచుగా తినుట మంచిది. వెల్లుల్లి, పసుపులకు కూడ ఇట్టి గుణము కొంత ఉన్నది.

3. దాడిచేయు ఆక్సిజన్ రూపములను అణచుట: మన శ్వాసలోని ఆక్సిజనులో కొంత భాగము తీవ్రమైన రూపము దాల్చి, ఇనుమును త్రుప్పు పట్టించినట్లు డి.ఎన్.ఏ.ను చెరుపును. ఉసిరి, జామ, మునగాకులలోని విటమిన్ సి, పసుపుపచ్చని, ఎర్రని కూరలలోని రంగు పదార్థములు, చిరుధాన్యముల పైపొరలోని వగరు పదార్థములు వీనిని ఎదుర్కొనగలవు.

4. మరమ్మతుకు సరకు అందించుట: గోడ కట్టుటకు ఇటుక ఎట్లో, డి.ఎన్.ఏ. తయారీకి, మరమ్మతుకు ఫోలేటు అను విటమిను అట్లు. ఇది తక్కువైనచో డి.ఎన్.ఏ.లో తప్పు ముక్క వచ్చి చేరి త్రాడు తెగును. ఆకుకూరలు, శనగ, కంది, పెసర, అలసంద ఫోలేటునకు మంచి ఆధారములు. గర్భిణులకు ఇది మరింత ముఖ్యము. వారు వైద్యులిచ్చు ఫోలిక్ యాసిడ్ మాత్రలను మానరాదు.

మాత్రలు కొని తినవచ్చునా?

ఆకులోని గుణమును మాత్రగా చేసి మింగినచో ఇంకను మేలు గదా అని కొందరందురు. ఫిన్లాండు దేశములో 29,133 మంది పొగ త్రాగు పురుషులతో దీనిని పరీక్షించిరి. క్యారెట్టులోని రంగు పదార్థమగు బీటా కెరోటిన్‌ను కొందరికి మాత్రలుగా 5 నుండి 8 ఏండ్లు ఇచ్చిరి. ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గవలసినది పోయి, మాత్రలు తిన్నవారిలో 18 శాతము ఎక్కువైనది. ఈ ఫలితము 1994లో ప్రకటింపబడినది.

పసుపు సంగతియు ఇంతే. పసుపులోని కర్కుమిన్ రక్తములోనికి కొద్దిగానే చేరును. మిరియాలలోని సారముతో కలిపినచో 20 రెట్లు ఎక్కువగా చేరునని బెంగుళూరు శాస్త్రజ్ఞులు 1998లో చూపిరి. ఇది విని కర్కుమిన్‌ను మిరియాల సారముతో కలిపి గట్టి మాత్రలుగా అమ్ముచున్నారు. ఇట్టి మాత్రలు వాడిన కొందరికి కాలేయము వాచినట్లు వైద్యులు గమనించిరి. పప్పులో, కూరలో వేయు పసుపునకు, చారులో వేయు మిరియాలకు ఈ భయము లేదు. ఎరువు మంచిదని పది రెట్లు వేసినచో పైరు మాడిపోవును గదా!

ముందు మూయవలసిన గండ్లు

ఆహారముతో రక్షణ పొందగోరువారు మొదట దెబ్బలను తగ్గించుకొనవలెను.

బూజు: వేరుశనగ (పల్లి), మొక్కజొన్న, మిరపకాయలకు పట్టు ఒక జాతి పచ్చని బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును తయారుచేయును. కాలేయములో ఇది రూపుమారి నేరుగా డి.ఎన్.ఏ.కు అంటుకొనును. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయిరి. జాతీయ పోషకాహార సంస్థవారు పోయి విచారించి కారణము కనుగొనిరి. వేయించినను ఉడికించినను ఈ విషము పూర్తిగా పోదు. కాబట్టి:

– పల్లి కాయ ఊరునపుడు వీలున్నచో ఒక తడి ఇవ్వవలెను. కలుపు తీయునపుడు కాయకు గాయము కారాదు.
– పక్వమైన వెంటనే పీకి, కాయలు పైకి వచ్చునట్లు చెట్లను తిరగవేసి ఆరబెట్టవలెను. కాయలో తేమ 8 శాతమునకు దిగిన తరువాతనే నిలువ చేయవలెను. కాయను ఊపినచో లోపల గింజ గలగలలాడవలెను.
– పగిలిన, ముడుతపడిన, బూజు పట్టిన గింజలను ఏరివేయవలెను. వానిని నూనె గానుగకు గాని, పశువులకు గాని పెట్టరాదు. బూజు చెక్క తిన్న పశువు పాలలోనికి కూడ ఆ విషము కొంత దిగును. ఆ పాలు త్రాగునది మన పిల్లలే.
– గోనె సంచులను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ వేరుశనగలోని ఈ విషమును పరీక్షించు పద్ధతులపై ఎన్నో ఏండ్లుగా పనిచేసినది. ఎక్కువగా పల్లి పండించు రైతు సంఘములు సరకును పరీక్ష చేయించి అమ్ముకొనుట లాభకరము.

పొగాకు, గుట్కా, వక్క: బీడీ, చుట్ట, జర్దా, గుట్కాలను మానుటతో సమానమైన రక్షణ ఏ కూర వలనను రాదు.

పురుగుమందు: మందు కొట్టునపుడు చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ, ఒంటినిండ బట్ట ఉండవలెను. గాలికి ఎదురుగా కొట్టరాదు. సబ్బుతో స్నానము చేయక భోజనమునకు కూర్చుండరాదు. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు.

డ్రమ్ములు: ఫ్యాక్టరీలలో వాడి వదలిన నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములు మన ప్రాంతములో చౌకగా దొరకును. వానిలో త్రాగునీరు, ధాన్యము, పప్పులు నిలువ చేయరాదు. ఎంత కడిగినను లోపల ఇంకిన రసాయనము పోవునని నమ్మకము లేదు.

కల్తీ పసుపు: రంగు కొరకు కొందరు వర్తకులు పసుపు కొమ్ములకు లెడ్ క్రోమేటు పూయుదురు. ఇందులో సీసమును, డి.ఎన్.ఏ.ను చెరుపు క్రోమియమును ఉన్నవి. రక్షణకని తిన్నదే విషమగును. గ్లాసు నీటిలో కొమ్మును వేసి చూడండి. వేసిన వెంటనే నీటిలోనికి గాఢమైన పచ్చరంగు దిగినచో ఆ కొమ్ము కల్తీ అయినదని అనుమానింపవలెను. అన్నింటికంటె మేలైన ఉపాయము, వానకాలము మొదట పెరటిలో నాలుగు కొమ్ములు నాటి ఇంటి పసుపును పండించుకొనుట.

ఆకుకూర ఏ నీటితో పెరిగినది?

ఈ ప్రాంతపు రైతు అన్నింటికంటె ముఖ్యముగా గమనింపవలసిన సంగతి ఇది. ఆకుకూరలు నేల నుండి, నీటి నుండి సీసము, కాడ్మియము వంటి లోహములను సులభముగా పీల్చుకొనును. పాలకూర, తోటకూరలు ఇందులో ముందుండును. మురుగు వాగు నీటితో పెరిగిన పాలకూర చూచుటకు నవనవలాడవచ్చును. అందులో ఫోలేటు ఉండును, దానితోపాటు లోహమును ఉండును. కడిగినచో ఆకుపై దుమ్ము పోవునే గాని ఆకులోనికి చేరిన లోహము పోదు.

కాబట్టి రంగు, వాసన, నురుగు గల వాగు నీటితోను, దాని ప్రక్కనున్న బోరు నీటితోను ఆకుకూరలు పెంచరాదు. తినుటకే గాదు, అమ్ముటకును పెంచరాదు. పట్నములో కొని తినువారును మన వంటివారే గదా! బోరు నీటిపై అనుమానమున్నచో వ్యవసాయాధికారికి గాని, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయమునకు గాని వ్రాతమూలముగా తెలిపి పరీక్ష చేయించవలెను. భూసార పరీక్షలో సాధారణముగా నత్రజని, భాస్వరము, పొటాషు వివరములే వచ్చును. సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ పరీక్షలు కావలెనని ప్రత్యేకముగా అడుగవలెను. నీరు చెడ్డదని తేలినచో వాన నీటిని, మంచి నీటి కుళాయి వద్ద పాత్రలు కడిగిన నీటిని పెరటి మళ్ళకు వాడుకొనవచ్చును. నేల కూడ చెడినదైనచో దూరము నుండి మంచి మట్టి తెచ్చి ఎత్తుమళ్ళు కట్టుకొనవలెను.

పెరటిలో ఏమి వేయవలెను?

ఐదుగురున్న ఇంటికి రోజుకు అర కిలో ఆకుకూర కావలెను. అనగా మనిషికి 100 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారము 2,000 కాలరీల భోజనములో ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెను. పావు గుంట పెరడు ఉన్నచో ఆకుకూరలకు చాలవరకు లోటు రాదు.

– తోటకూర, మెంతికూరలను ఒకేసారి గాక పది రోజులకొక మడి చొప్పున చల్లవలెను. నెల రోజులలో కోతకు వచ్చును గనుక ఎప్పుడును ఒక మడి కూరకు సిద్ధముగా ఉండును. పాలకూరను ఒకసారి చల్లి పలుమార్లు కోసికొనవచ్చును.
– గట్టున గోంగూర, కంచె వెంబడి మునగ, నీరు జారు చోట కరివేపాకు నాటవలెను.
– ఒక జామ, ఒక ఉసిరి చెట్టు ఇంటికి చాలును. ఉసిరి, జామలలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉన్నది. అంటుమొక్కలను గురించి సంగారెడ్డిలోని పండ్ల పరిశోధన కేంద్రములో విచారింపవచ్చును.
– చలికాలములో రెండు వరుసల ముల్లంగి, క్యాబేజీ వేయవలెను. ముల్లంగి ఆకును పారవేయక పప్పులో వండుకొనవలెను.

జహీరాబాదు వైపు మెట్ట పొలములలో జొన్న, కంది, కొర్ర, సామలు కలిపి విత్తుట, వాని నడుమ తానుగా మొలచు ఆకుకూరలను ఏరి వండుట పెద్దల నాటి నుండి వచ్చుచున్నది. పస్తాపూర్ కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘములు ఈ పద్ధతిని నిలిపినవి. 2019లో వారికి ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చినది. కలుపు మందు కొట్టిన చేనిలో ఈ ఆకులు దొరకవు, దొరికినను తినరాదు.

వండు పద్ధతి

కూరను కోయక మునుపే కడుగవలెను. కోసిన తరువాత కడిగినచో విటమినులు నీటిలో పోవును. ఉడికించిన నీటిని పారవేయక చారులో కలుపవలెను. క్యాబేజీని తరిగి అరగంట ఉంచి పిదప వండినచో దానిలోని ఘాటు పదార్థము చక్కగా తయారగును. వెల్లుల్లిని నలిపి పది నిముషములు ఆగి తాలింపు వేయవలెను. జామ, ఉసిరి వంటివానిని పచ్చిగా తినుట మేలు. జొన్నలను, చిరుధాన్యములను తెల్లగా మారునంతవరకు దంపించరాదు. మేలు చేయు పదార్థము పైపొరలోనే ఎక్కువ. మాడిన నూనెను మరల మరల కాచి వాడరాదు.

గుర్తుంచుకొనవలసినవి

1. డి.ఎన్.ఏ.కు దెబ్బలు రోజూ తగులును, శరీరమే సరిచేసికొనును. మన పని దెబ్బలు తగ్గించుట, మరమ్మతుకు సరకు అందించుట.
2. పొగాకు, బూజు గింజ, చెడ్డ నీరు, పురుగుమందులను దూరముగా ఉంచిన తరువాతనే కూరలు మేలు చేయగలవు.
3. ఒకే ఆకు, ఒకే దుంప అన్నింటిని కాపాడదు. రంగురంగుల కూరలు, పప్పులు, పండ్లు వంతుల వారీగా తినవలెను.
4. మాత్రలు కూరకు బదులు కావు. జబ్బుతో ఉన్నవారు వైద్యుని మందు మాని పసుపును నమ్ముకొనరాదు.
5. మంచి నీటితో పెరిగిన ఆకే మంచి ఆకు.

సోదరులారా! వాగు నీరు శుభ్రమగుటకు ప్రభుత్వము, ఫ్యాక్టరీలు చేయవలసిన పనులున్నవి. వానిని అడుగు హక్కు మీకున్నది, అడుగుచునే ఉండవలెను. పాలకూర తిని ఊరుకొనుడని ఈ వ్యాసము చెప్పుట లేదు. కాని ఆ పని జరుగులోగా పిల్లలు పెరుగుట ఆగదు. పెరటిలో ఒక మడిని రేపే త్రవ్వవచ్చును. పల్లి రాశిలోని బూజు గింజలను ఈ సాయంత్రమే ఏరివేయవచ్చును. ఈ రెండును మీ చేతిలోని పనులు.